హాజరు: ఆరున్నర

మూడో డిపో, ఆడవాళ్ళ విశ్రాంతి గది
జనవరి 12

తమ్ముడూ,

ఫోనులో చెప్పే మాటకి ఉత్తరమెందుకు అంటావని తెలుసు. ఫోనులో చెబితే ఊఁ కొట్టి మర్చిపోతావు. కాగితం మీద ఉంటే మాత్రం జవాబివ్వకుండా ఉండలేవు. నీ ఉద్యోగం నీకు నేర్పిన మంచి అలవాటు అదొక్కటే.

పద్దెనిమిదేళ్ళుగా సంఘాల రిజిస్ట్రారు ఆఫీసులో ఉన్నావు. మన ఇంట్లో ఇంతవరకూ ఎవరికీ నీతో పని పడలేదు. ఇప్పుడు నాకు పడింది. మేం ఒక సంఘం పెట్టదలిచాం. మేం అంటే మా డిపోలో ఆడ కండక్టర్లం, మొత్తం ఇరవై ఆరుమందిమి. యూనియన్ ఉంది కదా అంటావేమో, ఉంది. నాలుగుసార్లు వెళ్ళి అడిగాం. ప్రతిసారీ మర్యాదగా కుర్చీ వేసి, వచ్చే సమావేశంలో పెడదామమ్మా అన్నారు. ఆ వచ్చే సమావేశం ఆరేళ్ళుగా వస్తూనే ఉంది.

ఇప్పుడు తొందరెందుకంటే, రవాణా కార్మికుల చట్టాన్ని తిరగరాయడానికి చట్టసభ వాళ్ళు ఒక కమిటీ వేశారు. ఎవరైనా వెళ్ళి తమ కోరిక చెప్పుకోవచ్చట. కానీ రిజిస్టరైన సంఘం తరఫునే వెళ్ళాలి, జూన్ 30 లోపు పేరివ్వాలి. పోయినసారి ఈ చట్టం రాసినప్పుడు నేను అమ్మ ఒళ్ళో ఉన్నాను, నువ్వు పుట్టనే లేదు. ఇది తప్పిపోతే మళ్ళీ వచ్చేసరికి మా అందరికీ కర్రలు చేతికొస్తాయి.

మా కోరిక పెద్దదేం కాదు. దూరపు రూట్లలో కొన్ని సౌకర్యాలు కావాలి. అవేమిటో నీకనవసరం. ఏమేం కాగితాలు కావాలో మాత్రం చెప్పు, నాకర్థమయ్యే భాషలో చెప్పు.

నీ అక్క

*

రిజిస్ట్రారు ఆఫీసు, రెండో అంతస్తు
జనవరి 27

అక్కకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, ఒకసారి తమ్ముడిగా, ఒకసారి గుమాస్తాగా. తమ్ముడికి భయమేసింది. గుమాస్తాకి ఏమీ అనిపించలేదు కాబట్టి జవాబు అతడే రాస్తున్నాడు.

సంఘాలు రెండు రకాలు. మొదటి రకం సేవ చేస్తుంది. పుస్తకాలు పంచుతుంది, కళ్ళకి పరీక్షలు చేయిస్తుంది, ఎవరినీ ఏమీ అడగదు. రెండో రకం, చట్టం ఇలా కాదు అలా ఉండాలి అని అడుగుతుంది. అలా అడగడాన్ని మా ఆఫీసు రాజకీయం అంటుంది. పార్టీ కాకపోయినా, ఎన్నికల మొహం చూడకపోయినా సరే. మీది రెండో రకం. చాలామంది మొదటి రకమని రాసి రిజిస్టరు చేయించుకుని తర్వాత కమిటీల ముందు నిలబడతారు. వాళ్ళ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నువ్వా పని చెయ్యకు.

ముందు పద్దెనిమిదేళ్ళు నిండిన ఏడుగురు కావాలి. ఒకే చోట, ఒకే సమయంలో కూర్చుని, సంఘం పెడుతున్నాం అని తీర్మానం చెయ్యాలి. తీర్మానం జరిగేటప్పుడు ఏడుగురూ గదిలో ఉండాలి. ఆ సమావేశంలో జరిగింది జరిగినట్టు మినిట్సు పుస్తకంలో ఎక్కించాలి. పేజీలకి నంబర్లుండాలి, ఒక్క పేజీ చిరిగినా పుస్తకం చెల్లదు. సంఘానికి ఒక చిరునామా, అది అద్దె గదైతే యజమాని ఒప్పుకున్నట్టు ఒక కాగితం. అధ్యక్షురాల్ని ఎలా ఎన్నుకుంటారో, నచ్చకపోతే ఎలా దింపుతారో, సంఘం మూతపడితే పుస్తకాలు ఎవరిదగ్గర ఉంటాయో చెప్పే నియమావళి. ఏ అభ్యర్థికీ ప్రచారం చెయ్యమని ఒక ప్రమాణం. పేరులో 'జాతీయ' అనీ 'ప్రభుత్వ' అనీ ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, ఆశయం. ఏ చట్టంలో ఏం మారాలో స్పష్టంగా రాయాలి.

ఇంకొక్క మాట. ఇదంతా నేను చెప్పానని ఎక్కడా అనకు. మార్చిలో నా పదోన్నతి కాగితం కదలాలి.

తమ్ముడు

*

డిపో
ఫిబ్రవరి 21

తమ్ముడూ,

ఏడుగురు దొరకడం కష్టమని నువ్వు రాయలేదేం? మనుషులకేం కొదవ లేదు, ఇరవై ఆరుమందీ సై అన్నారు. ఒకే సమయంలో ఏడుగురు నేలమీద ఉండటమే కష్టం. ఒకామె దిగేసరికి ఇంకొకామె ఎక్కుతుంది. డ్యూటీ చార్టు ముందేసుకుని వారం రోజులు కుస్తీ పడితే తల ప్రాణం తోకకొచ్చింది. చివరికి మార్చి 23 మధ్యాహ్నం ఒక గంట దొరికింది.

గది కూడా దొరికింది. మా టైంకీపరమ్మ రిటైరయ్యాక టైర్ల దుకాణం మీద గదిలో ఉంటోంది. ఆమె కూడా మాలో ఒకతె. చిరునామా అదే ఇస్తున్నాం. భవనం టైర్ల దుకాణం ఆయనదే, సంతకం కోసం వెళ్ళాను. రాజకీయమా అని అడిగాడు. రెండో రకమండీ అన్నాను. రెండో రకం టైర్ల సంగతి ఆయనకి బాగా తెలుసు, పాపం, జాలిపడి సంతకం పెట్టాడు.

పేరు దగ్గర గొడవైంది. మా అందరిలో చిన్నది ఒక పొడుగమ్మాయి ఉంది, బస్సులో తల వంచుకుని టికెట్లు కొడుతుంది. ఆ పిల్ల 'దూరదారి ఆడ కండక్టర్ల సంఘం' అంది. అందరికీ నచ్చింది. ఆశయం 'మహిళా కండక్టర్ల సౌకర్యాలు' అని రాశాం.

మరదల్ని అడిగానని చెప్పు.

నీ అక్క

*

రిజిస్ట్రారు ఆఫీసు
మార్చి 3

అక్కకి,

పేరు బాగుంది. ఆశయం తిరిగొస్తుంది. సౌకర్యం అంటే ఏమిటి? ఫ్యానా, మెత్తటి సీటా, కొత్త సంచీయా? చదివినవాడికి తెలియాలి. నిజానికి నాకూ తెలియడం లేదు. రెండు ఉత్తరాలుగా నువ్వు నీళ్ళు నములుతున్నావు. ఏం కావాలో రాయడానికి ఏమైంది?

తమ్ముడు

*

డిపో
మార్చి 30

తమ్ముడూ,

సమావేశం జరిగింది. కాగితాలన్నీ కట్టగట్టి నిన్న రిజిస్టరు పోస్టులో మీ ఆఫీసుకి పంపాను. ఆశయం మార్చాం. 'ప్రయాణ మధ్యంలో కలిగే అవసరాలు' అని రాశాం. ఇంతకంటే స్పష్టంగా రాయడం మావల్ల కాదు. ఏడుగురం అరగంట ఒకరి మొహాలొకరు చూసుకుని ఆ మాట దగ్గర ఆగాం.

నువ్వు చెప్పినట్టే జరిగింది జరిగినట్టు రాశాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఇక మీవాళ్ళ దయ.

నీ అక్క

*

సంఘాల రిజిస్ట్రారు కార్యాలయం
ఏప్రిల్ 22

దూరదారి ఆడ కండక్టర్ల సంఘం ప్రతిపాదిత అధ్యక్షురాలికి,

విషయం: రెండవ రకం సంఘం నమోదు – దరఖాస్తులో లోపములు – వివరణ కోరుట గురించి.

తమ దరఖాస్తు ఈ నెల 3వ తేదీన అందినది. పరిశీలించగా ఈ క్రింది లోపములు కనబడినవి.

మినిట్సు పుస్తకము రెండవ పుటలో హాజరు 'ఆరున్నర' అని చూపబడినది. వ్యవస్థాపక సభ్యులు ఏడుగురికి తగ్గరాదు, పూర్ణసంఖ్యలో ఉండవలెను. సదరు అర సభ్యురాలు ఎవరో, మిగిలిన అర తీర్మాన సమయమున ఎక్కడ ఉన్నదో తెలుపవలెను.

ఆశయముల మూడవ అంశములో 'అవసరాలు' అని ఉన్నది. అవసరము ఏదియో తెలుపవలెను.

మినిట్సు పుస్తకము ఇందువెంట తిరిగి పంపబడినది. ముప్పది దినములలో వివరణ అందనిచో దరఖాస్తు తిరస్కరింపబడును.

రిజిస్ట్రారు తరఫున, పరిశీలకుడు

*

డిపో
ఏప్రిల్ 28

తమ్ముడూ,

మీ ఆఫీసులో ఎవడో పరిశీలకుడున్నాడు. వాడి మెమో నకలు దీంతో పంపుతున్నాను, చదివి తరించు. మిగిలిన అర ఎక్కడ ఉన్నదో తెలుపవలెనట! మనిషిని రంపంతో కోసి సగం గదిలో, సగం వీధిలో పెట్టామనుకున్నాడు కాబోలు. వాడి మొహానికి ఇంట్లో ఒక అక్కో చెల్లెలో ఉండి ఉండదు. ఉంటే ఆడవాళ్ళ అవసరం ఏదియో అని అడిగేవాడు కాదు.

ఆరున్నర అని ఎందుకు రాశానో నీకు చెబుతాను. సమావేశం మధ్యలో ఒకావిడకి బయటికి వెళ్ళవలసి వచ్చింది. తిరిగొచ్చేసరికి తీర్మానం అయిపోయింది. మొదట్లో ఉంది, చివర్లో ఉంది, మధ్యలో లేదు. దారిలో దిగిపోయి మళ్ళీ ఎక్కిన మనిషికి మేం పూర్తి దూరం టికెట్టు రాయం. సగం దూరం వచ్చిన మనిషిని సగమనే రాశాను. మా వేబిల్లులో అలాగే రాస్తాం, చెకింగ్ వాళ్ళెవరూ ఇంతవరకూ తప్పు పట్టలేదు. వేబిల్లు అంటే తెలుసుగా, ఏ స్టాపులో ఎంతమంది ఎక్కారో దిగారో మేం రాసే కాగితం.

ఇప్పుడేం చెయ్యాలి? జూన్ దగ్గరికొస్తోంది. కాగితం పందొమ్మిది రోజులు బల్లమీద పెట్టుకుని మీనమేషాలు లెక్కపెట్టిన ఆ మహానుభావుడెవరో నీకు తెలిసే ఉంటుంది. కాస్త కదిలించు.

నీ అక్క

*

ఇల్లు
మే 3

అక్కకి,

దీనికింత రాద్ధాంతం అక్కర్లేదు. 'ఆరున్నర' కొట్టేసి 'ఏడుగురు' అని రాయి. పక్కన పొట్టి సంతకం పెట్టు. ఆవిడ బయటికి వెళ్ళినట్టు రాసిన వాక్యం కూడా కొట్టెయ్యి. ఆశయం దగ్గర 'విశ్రాంతి' అని పెట్టు. పంపిన వారంలో సర్టిఫికెట్ వస్తుంది. పరిశీలకుడు ఇంకేమీ అడగడు. నీకెలా తెలుసు అని నన్ను అడగకు.

ఇంతకీ ఆవిడెవరు? ఒక్క పావుగంట ఆగలేకపోయిందా?

తమ్ముడు

*

డిపో, విశ్రాంతి గది
మే 10

తమ్ముడూ,

ఆగలేకపోయింది. ఆవిడ నేనే.

ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను. నువ్వు నా తర్వాత పుట్టినవాడివి, నిన్ను ఎత్తుకుని తిప్పాను. నీతో ఇలాంటి మాట ఎలా అంటాను అనిపించింది. కానీ ఎవరితో ఒకరితో అనాలి కదా.

పొద్దున్న అయిదున్నరకి బండి బయల్దేరితే పదకొండుంబావుకి అవతలి ఊరు చేరుతుంది. మధ్యలో మూడుచోట్ల ఆగుతుంది, రెండేసి నిమిషాలు. డ్రైవరు దిగి, ఒక గోడ చూసుకుని, వచ్చేస్తాడు. మాకు గోడలు పనికిరావు. అవతలి ఊళ్ళో బస్టాండు వెనక ఒక మరుగుదొడ్డి ఉంది, దానికి తాళం ఉంది, ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇరవై రెండేళ్ళలో నేను కనుక్కోలేకపోయాను. అందుకని మేం నీళ్ళు తాగం. ముందురోజు సాయంత్రం నుంచే తగ్గించేస్తాం. ఎండాకాలంలో నాలుక అంటుకుపోతుంటే నోరు తడుపుకుని ఊసేస్తాం. నెలసరి రోజుల గురించి రాయను, మరదల్ని అడుగు. నేను చెప్పిన పొడుగమ్మాయి పసిపిల్లలకి కట్టేవి కొనుక్కుని కట్టుకుని డ్యూటీకి వస్తుంది. ఇరవై ఆరేళ్ళ పిల్లరా. మా అందరికీ తెలుసు, ఎవరం ఆ పిల్లని అడగం.

నాకు మూడేళ్ళనుంచి మంట, జ్వరం, మళ్ళీ మంట. డాక్టరు పోయిన ఏడాది చెప్పింది, కుడి కిడ్నీ చిన్నదైపోయిందట. మీ బావకి నడుంనొప్పి అని చెప్పాను. ఇప్పుడు నీళ్ళు తాగితే నేను పది నిమిషాలు కూడా ఆపుకోలేను. సమావేశం రోజు ఆ గదిలో ఏమీ లేదు, టైంకీపరమ్మ పక్కింటివాళ్ళది వాడుకుంటుంది, వాళ్ళు తాళం వేసి వెళ్ళారు. వీధి చివర పెట్రోలు బంకుదాకా పరిగెత్తాను. తిరిగొస్తుంటే మెట్లమీద చప్పట్లు వినిపించాయి. నా సంఘం నేను లేకుండా పుట్టింది. ఎందుకు వెళ్ళావని ఆ ఆరుగురిలో ఒక్కరూ అడగలేదు.

ఇప్పుడు నువ్వు ఏడుగురు అని దిద్దమంటున్నావు. నేను దిద్దను. బస్సులో లేని మనిషిని ఉన్నట్టు ఇన్నేళ్ళలో ఒక్కసారి రాయలేదు. అదీ కాక, ఆ సగం కొట్టేస్తే ఇంకేం మిగులుతుంది చెప్పు. మేం ఎందుకు సంఘం పెడుతున్నామో మొత్తం పుస్తకంలో ఆ ఒక్క అంకెలోనే ఉంది.

దిద్దకుండా ఏం చెయ్యాలో చెప్పు. లేదంటే ఊరుకో.

అక్క

*

రిజిస్ట్రారు ఆఫీసు
మే 16

అక్కా,

మెమో రాసింది నేనే.

నీ కట్ట ఏప్రిల్ 3న నా బల్లమీదికే వచ్చింది. కవరు మీద నీ అక్షరాలు చూసి గుర్తుపట్టాను. దగ్గరి బంధువుల దరఖాస్తు వస్తే మర్నాటికల్లా చెప్పి ఇంకొకరికి అప్పగించాలని మాకు నిబంధన. నేను చెప్పలేదు. చెబితే అక్క రాజకీయ సంఘం పెడుతోందన్నది పదోన్నతి జాబితా పక్కన చేరుతుందని భయపడ్డాను. మార్చిలో కదలవలసిన ఆ జాబితా అప్పటికింకా పై అధికారి దగ్గరే ఉంది. సొరుగులో పెట్టి తాళం వేశాను. పందొమ్మిది రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఆ అర సభ్యురాలి ముక్క దొరికింది. అది రాసేటప్పుడు నాకు నవ్వొచ్చింది, అది కూడా చెప్పాలి. నువ్వు విసిగి ఊరుకుంటావనీ, జూన్ దాటిపోతుందనీ, అందరం క్షేమంగా ఉంటామనీ లెక్కేసుకున్నాను. దిద్దమని చెప్పింది జాలితో కాదు. నువ్వు ఊరుకోలేదు కాబట్టి నీకు సర్టిఫికెట్ దొరకాలి, కాగితం మీద మాత్రం నా తప్పు కనబడకూడదు, అంతే.

నీ ఉత్తరం మొన్న ఇక్కడే, బల్ల దగ్గర చదివాను. ఆ మెమోలో నేను అడిగిన రెండు ప్రశ్నలకీ నువ్వు జవాబిచ్చావు. సిగ్గుతో చచ్చిపోయాను అక్కా. ఇంటికెళ్ళి నీ మరదలికి చదివి వినిపించాను. ఈ సంగతి నీకిప్పుడు తెలిసిందా అని అడిగింది.

నిన్న అధికారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నన్ను కింద పాత దస్త్రాల గదికి మార్చారు. జాబితాలోంచి పేరు తీశారు. వచ్చే ఏడు చూద్దామన్నారు. దీనికి నువ్వు బాధపడనక్కర్లేదు, ఇది నా తప్పుకి వచ్చింది, నీ సంఘం వల్ల కాదు.

దిద్దకుండా చెయ్యవలసింది ఇది. మొదటి సమావేశం చెల్లదు, చెల్లదనే ఉండనీ, ఆ పేజీలు అలాగే ఉంచు. అదే పుస్తకంలో తర్వాతి పేజీలో రెండో సమావేశం రాయి. ఏడుగురూ మొదటినుంచి చివరిదాకా ఉండాలి. ఎన్ని నిమిషాలు జరగాలని చట్టంలో లేదు. ఆశయం ఇలా రాయి: 'రవాణా కార్మికుల చట్టంలో కొత్త నిబంధన చేర్చాలని కోరడం, దూరపు రూట్లలో ప్రతి రెండు గంటలకి ఒక చోట పది నిమిషాల విరామం, ఆ చోట ఆడ కండక్టర్లకి తాళం వెయ్యని, నీళ్ళున్న మరుగుదొడ్డి.' ఆ చివరి మాట మార్చకు. మారిస్తే తిరిగొస్తుంది.

మెమోలోని ముప్పై రోజుల గడువుని అధికారి జూన్ 10 దాకా పెంచారు, ఆ లోపు చేరాలి. నా బల్లమీద ఇప్పుడు ఇంకొకాయన ఉన్నాడు, నిదానస్తుడు, కానీ నిజాయితీపరుడు.

తమ్ముడు

*

డిపో
జూన్ 6

రిజిస్ట్రారు ఆఫీసు మాజీ పరిశీలకుడుగారికి,

మీ లేఖ అందింది. మీ మెమో గురించి మా తమ్ముడికి రాసిన తిట్లేవీ వెనక్కి తీసుకోవడం లేదు. ఇంకా రెండు మిగిలాయి, ఎదురుపడినప్పుడు అందజేస్తాను.

వారం రోజులు నీకు రాయకూడదనుకున్నాను. నీ మీద కోపం పోలేదు. నీకు జ్వరమొస్తే నేను సెలవు పెట్టి వచ్చి కూర్చున్నాను, నా కాగితం నువ్వు సొరుగులో పెట్టావు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఏడుపొస్తోంది. కానీ నువ్వు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. చెప్పావు. అది కూడా లెక్కలో ఉంది.

సరే, పని సంగతి. చార్టులో మళ్ళీ గంట దొరకలేదు. టైంకీపరమ్మ ముప్పై ఏళ్ళు బళ్ళ టైములు రాసిన మనిషి కదా, చార్టు చూసి, నాలుగో తారీకు మధ్యాహ్నం రెండూ పది నుంచి రెండూ ఇరవై నాలుగు దాకా మా ఆరు బళ్ళూ నాలుగురోడ్ల కూడలి బస్టాండులో ఉంటాయని తేల్చింది. పద్నాలుగు నిమిషాలు. ఆమె ముందే వచ్చి ఒక ఖాళీ బస్సు పట్టుకుని కూర్చుంది. మేం భుజాన సంచీలతోనే ఎక్కాం. కూడలిలో మరుగుదొడ్డి ఉంది, నేను ముందుగానే వెళ్ళొచ్చాను.

ఆశయం చదవమంటే పుస్తకం ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్ళింది. ఒకామె 'ఆ మాట దగ్గర ఆపేసి చదువుతాను' అంది. టైంకీపరమ్మకి చిర్రెత్తుకొచ్చింది. పుస్తకం లాక్కుని, బస్టాండు మైకులో బళ్ళు పిలిచే గొంతుతో చదివింది. బయట నిలబడ్డ వాళ్ళు మావైపు తిరిగారు. పొడుగమ్మాయి ముందు నవ్వింది, తర్వాత మేమందరం. ఆ నవ్వులోనే చేతులెత్తాం. రెండూ ఇరవై రెండుకి సంతకాలు అయిపోయాయి. హాజరు ఏడుగురు. ఆ పుస్తకంలో రాసిన సంఖ్యల్లో నాకు చాలా ఇష్టమైనది అదే.

పోస్టుని నమ్మలేదు, డ్రైవరు చేతికిచ్చి పంపాను. ఈ ఉత్తరం నీకు అందేసరికి కట్ట మీ ఆఫీసులో ఉంటుంది.

అక్క

*

పాత దస్త్రాల గది
జూన్ 29

అక్కా,

ఇరవై ఆరో తారీకున నంబరు పడింది. ఆ ఫైలు ముట్టుకునే అర్హత నాకు లేదు, వరండాలో నిలబడి చూశాను. నిదానస్తుడు మొదటి సమావేశం పేజీ మీద వేలు పెట్టి ఒక్కో వరసా చదివాడు. తర్వాత రెండోది చదివాడు. ఏమీ అడగకుండా సంతకం పెట్టాడు.

సర్టిఫికెట్ మీకు పోస్టులో వచ్చేసరికి ముప్పయ్యో తారీకు దాటిపోతుంది. అందుకని నిన్న సెలవు పెట్టాను. గుమాస్తాగా కాదు, మీ సంఘం మనిషిగా కౌంటరు దగ్గర వరసలో నిలబడి నకలు తీసుకున్నాను. టైంకీపరమ్మకి ఫోను చేస్తే డ్రైవరు చేతికిచ్చి పంపిన అధికార పత్రం చూపించాను. అక్కణ్ణుంచి చట్టసభ భవనానికి నడిచివెళ్ళి కమిటీ గుమాస్తాకి పేరిచ్చాను. రసీదు దీంతో పంపుతున్నాను. ఆశయం చదివి అతను నావైపు చూశాడు. ఇది నిజంగా లేదా అని అడిగాడు. లేదు, మా అక్క కండక్టరు అన్నాను.

ఆగస్టులో పిలుస్తారు. డాక్టరు దగ్గరికి వెళ్ళావా? బావకి చెప్పావా? ఈ రెండిటికీ జవాబు రాయి, ముప్పది దినములలో.

తమ్ముడు

*

డిపో, రిజర్వేషన్ కౌంటరు
నవంబరు 19

తమ్ముడూ,

పై చిరునామా చూశావుగా. సెప్టెంబరులో వైద్య పరీక్ష చేసి, రోడ్డు మీద పనికి పనికిరానని రాశారు. ఇప్పుడు అద్దం వెనక కూర్చుని సీట్లు రాస్తున్నాను. కుర్చీ మెత్తగా ఉంది. బండి కదలకపోతే నాకు ఏదోలా ఉంటుంది, అలవాటవుతుందిలే. మీ బావకి చెప్పాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నుంచి గంటకోసారి నీళ్ళగ్లాసు తెచ్చి ఎదురుగా నిలబడి తాగిస్తున్నాడు, ప్రాణం తీస్తున్నాడు. డాక్టరు ఎడమది బాగానే ఉందంది.

కమిటీ సంగతి ఫోనులో చెప్పాను కదా. చట్టం రావడానికి ఇంకో ఏడాది పట్టొచ్చట, రాకపోనూవచ్చు. కానీ చట్టం తేలేలోపు అయిదు రూట్లలో మొదలుపెట్టమని వాళ్ళు సంస్థకి రాశారు. ఈ నెల ఒకటి నుంచి సర్క్యులర్ అమల్లోకి వచ్చింది. గోడకి అంటించారు, మా యూనియన్ పెద్దలు దాని కింద నిలబడి ఫోటో తీయించుకున్నారు. తీయించుకోనీ.

కాగితం మీద ఉన్నది రోడ్డు మీద ఉంటుందని నేను నమ్మను. అందుకని నిన్న సెలవురోజు పొద్దున్న అయిదున్నర బండెక్కాను. నా పాత రూటే. కండక్టరు పొడుగమ్మాయి. డబ్బులిస్తే తీసుకోనంది. నా దగ్గరా ఆ మాట అని కళ్ళెర్రజేస్తే టికెట్టు కొట్టింది. కిటికీ పక్క కూర్చున్నాను. ఆ దారిని తీరిగ్గా బయటికి చూస్తూ వెళ్ళడం నాకు అదే మొదటిసారి.

ఏడున్నరకి బండి ఆగింది. చిన్న గది, కొత్త సున్నం, తలుపుకి లోపల గడియ ఉంది, బయట తాళం లేదు. పొడుగమ్మాయి సంచీ డ్రైవరు పక్కన పెట్టి దిగింది. పరిగెత్తుతుందేమో అనుకున్నాను. మామూలుగా నడిచి వెళ్ళింది. మూడు నిమిషాలయ్యేసరికి వెనక ఒకాయన విసుక్కోవడం మొదలుపెట్టాడు. ఎందుకాపారు, ఎవరొస్తున్నారు, పెద్దమనుషులెవరైనా ఎక్కాలా అన్నాడు.  డ్రైవరు ఏం చెబుతాడో, టైరు అంటాడో, ఇంజను అంటాడో అని చూస్తున్నాను. ఆయన స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగాడు.

"కండక్టరమ్మ బాత్రూముకి వెళ్ళింది. వస్తుంది, కూర్చోండి."

వెనకాయన కూర్చున్నాడు. అందరం కూర్చున్నాం. ఇరవై రెండేళ్ళలో బస్సు ఎవరెవరి కోసమో ఆగడం చూశాను. పోలీసుల కోసం, పెళ్ళివారి కోసం, దారి తప్పిన గేదెల కోసం ఆగింది. మాలో ఒకతె కోసం ఆగడం నిన్ననే చూశాను. కిటికీవైపు తిరిగి ఏడ్చాను తమ్ముడూ, పక్కావిడ దుమ్ము పడిందా అని అడిగితే అవునన్నాను.

ఆ పిల్ల తిరిగొచ్చి, సంచీ భుజాన వేసుకుని, సీసా ఎత్తి గటగటా నీళ్ళు తాగింది. తాగి, రైట్ అంది.

నీ అక్క